టర్కీ తటస్థంగా ఉండి ఉంటే

(బళ్లారిలో చేసిన కోలాచలం శ్రీనివాసరావు స్మారకోపన్యాసం పాఠం)



కోలాచలం వారి పేరిట జరిగే సభలో ప్రపంచ యుద్ధం గురించి మాట్లాడతానన్నప్పుడు, నాటకాలకీ దానికీ ఏమిటి సంబంధమని ఒకరిద్దరు అడిగారు. నా దృష్టిలో ఈ విషయానికి ఇంతకన్నా తగిన వేదిక లేదు. హంపీ పక్కన కమలాపురంలో 1854లో పుట్టి, బళ్లారిలో ప్లీడరుగా స్థిరపడి, సుమనోరమ సభ పెట్టి, చారిత్రక నాటకానికి తెలుగులో దారి వేసిన మనిషి ఆయన. ‘రామరాజు చరిత్ర’ రాశారు. అందులో పఠాన్ రుస్తుం వేషం కట్టిన రాఘవ ఎంత పేరు తెచ్చుకున్నాడో ఈ ఊళ్లో నేను చెప్పనక్కర్లేదు. ఆ నాటకం చూసి ఇంటికి పోయే ప్రతి ప్రేక్షకుడి మనసులో ఒకే ప్రశ్న మెదిలి ఉంటుంది: 1565 జనవరిలో విజయనగరం ఓడిన ఆ యుద్ధం మరోలా ముగిసి ఉంటే?

ఈ ప్రాంతానికి ఆ ప్రశ్న నాలుగున్నర శతాబ్దాల పాతది. యుద్ధం జరిగిన రెండేళ్లకు విజయనగరం వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, ఇద్దరు సేనానులు పక్క మారడం వల్లనే రాయల సైన్యం ఓడిందని రాసిపెట్టాడు. అది ఎంతవరకు నిజమన్నది చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు. కానీ ఆ మాట విన్నవాడు ఊరుకోలేడు. వాళ్లు పక్క మారకపోతే ఏమయ్యేదని అడుగుతాడు. ప్లీడరు కూడా కాబట్టి కోలాచలం వారు ఆ ప్రశ్నను సాక్ష్యం పెట్టి అడగాలని కోరుకునేవారని నేను అనుకుంటాను. ఆయన 1919లో, వెర్సాయ్ సంధి జరిగిన ఏడాదే కన్నుమూశారు. మొదటి ప్రపంచ యుద్ధాన్ని మొత్తం చూసి, దాని ఫలితాలను మాత్రం చూడకుండా వెళ్లిపోయారు. ఆయన చూడని ఆ ఫలితాల్లో బళ్లారి వాటా ఎంతో చూద్దామన్నది ఇవాళ్టి నా ప్రయత్నం.

‘ఇలా జరిగి ఉంటే’ అనే ఊహాచరిత్రకు పడమటి దేశాల్లో పెద్ద సాహిత్యమే ఉంది. అలెగ్జాండర్ రోము మీదికి దండెత్తి ఉంటే ఏమయ్యేదని రోమన్ చరిత్రకారుడు లివీ రెండు వేల ఏళ్ల కిందటే చర్చించాడు. జర్మనీ, జపాను రెండో యుద్ధం గెలిచిన లోకాన్ని ఫిలిప్ కె. డిక్ 1962లో నవలగా రాశాడు. ఇ.హెచ్. కార్ లాంటి చరిత్రకారుడు ఇదంతా ఇంట్లో కూర్చుని ఆడుకునే ఆట అని కొట్టిపారేశాడు. నియాల్ ఫెర్గుసన్ 1997లో దానికొక కట్టుబాటు చెప్పాడు: ఆ కాలపు మనుషులు నిజంగా ఆలోచించి, కాగితం మీద పెట్టిన ప్రత్యామ్నాయాలనే మనం తీసుకోవాలి. ఈ కట్టుబాటు నాకు నచ్చింది. దీనికి నేను ఇంకొకటి కలుపుతాను. ఊహించేవాడు రాజధానిలో నిలబడి కాదు, తన ఊళ్లో నిలబడి ఊహించాలి. హిట్లరు గెలిచి ఉంటే బెర్లిన్ ఎలా ఉండేదో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కౌల్ బజారు ఎలా ఉండేదో మనం చెప్పుకోకపోతే ఇంకెవరు చెప్తారు?

1931లో జె.సి. స్క్వయర్ సంపాదకత్వంలో ఇంగ్లీషులో ఇలాంటి ఊహల సంకలనం ఒకటి వచ్చింది. అందులో విన్‌స్టన్ చర్చిల్ వ్యాసం ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో, 1863లో గెటిస్‌బర్గ్ దగ్గర జనరల్ లీ గెలిచినట్టు ఊహించి, అక్కణ్ణుంచి కథ నడిపి, చివరికి 1914 యుద్ధమే రాకుండా తప్పిస్తాడు. చదవడానికి గొప్పగా ఉంటుంది. కానీ 1914 యుద్ధాన్ని మార్చాలనుకున్నవాడు అమెరికా దాకా, అర్ధశతాబ్దం వెనక్కి పోవలసిన పని లేదు. 1914 ఆగస్టు మొదట్లో తన సొంత బల్ల మీద ఉన్న కాగితం చాలు. ఆ కాగితం కథే ఇవాళ నేను చెప్పదలచుకున్నది.

అప్పుడు చర్చిల్ బ్రిటిష్ నౌకాదళ మంత్రి. టర్కీ కోసం ఇంగ్లండు రేవుల్లో రెండు పెద్ద యుద్ధనౌకలు తయారవుతున్నాయి: సుల్తాన్ ఉస్మాన్, రెషాదియే. వాటి సొమ్ములో కొంత టర్కీ సామాన్య ప్రజలు చందాలు వేసుకుని పోగుచేసింది. నౌకలు సిద్ధమై, టర్కీ నావికులు వాటిని తీసుకుపోవడానికి ఇంగ్లండు చేరిన తర్వాత, చర్చిల్ ఆ కాగితం మీద ఆజ్ఞ ఇచ్చి వాటిని స్వాధీనం చేసుకున్నాడు. ఆగస్టు 2న ఇస్తాంబుల్‌లో జర్మనీతో రహస్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 10వ తేదీన గోబెన్, బ్రెస్లౌ అనే రెండు జర్మన్ నౌకలు మధ్యధరా సముద్రంలో బ్రిటిష్ వాళ్లకు చిక్కకుండా డార్డనెల్స్ చేరాయి. వాటికి టర్కీ పేర్లు పెట్టి, జర్మన్ నావికుల తల మీద ఫెజ్ టోపీలు పెట్టి, వాటిని టర్కీ కొనుక్కున్నట్టు చూపించారు. పోయిన నౌకలకు బదులుగా వచ్చిన నౌకలు కాబట్టి జనం కూడా సంతోషించారు.

ఇక్కడ గమనించాల్సింది, ఒప్పందం అయినా టర్కీ యుద్ధంలోకి దిగలేదు. మూడు నెలలు తటస్థంగానే ఉంది. ప్రధానమంత్రి సయీద్ హలీం పాషాకు యుద్ధం ఇష్టం లేదు. ఆర్థికమంత్రి జావిద్ బేకు అసలే ఇష్టం లేదు. బాల్కన్ యుద్ధాల్లో ఖజానా ఊడ్చుకుపోయిందని అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయనే. యుద్ధమంత్రి ఎన్వర్ పాషా, నౌకామంత్రి జమాల్ పాషా ఇంకో పక్క. అక్టోబరులో జర్మనీ నుంచి బంగారం వచ్చింది. 29న ఆ జర్మన్ నౌకల సేనాని సూషోన్ తన నౌకలను నల్లసముద్రంలోకి తీసుకెళ్లి ఒడెస్సా, సెవాస్తోపోల్ రేవుల మీద ఫిరంగులు పేల్చాడు. మంత్రివర్గంలో ఎక్కువమందికి ముందుగా తెలియదు. జావిద్ బే, మరికొందరు రాజీనామా చేశారు. వారం తిరక్కుండా రష్యా, బ్రిటన్ టర్కీ మీద యుద్ధం ప్రకటించాయి.

ఫెర్గుసన్ కట్టుబాటు ప్రకారం ఇంతకన్నా గట్టి ప్రత్యామ్నాయం దొరకదు. తటస్థంగా ఉందామన్నది మన ఊహ కాదు. మూడు నెలలు అమలైన విధానం, ప్రధానమంత్రి కోరిన విధానం. ఆ మంత్రివర్గంలో ఇద్దరు ముగ్గురు గట్టిగా నిలబడి ఉంటే, లేదా ఆ రెండు నౌకలను లండన్ అప్పగించి ఉంటే, నల్లసముద్రం దాడి జరగకపోవడానికి చాలా అవకాశం ఉంది.

ఇప్పుడు బళ్లారికి వద్దాం.

టర్కీ యుద్ధంలోకి దిగగానే భారత సైన్యం బస్రాకు వెళ్లింది. నవంబరు చివరికి ఆ రేవు పట్టుకుంది. అక్కణ్ణుంచి టైగ్రిస్ నది వెంట బాగ్దాద్ వైపు నడిచింది. 1916 ఏప్రిల్‌లో కుత్ దగ్గర ముట్టడిలో చిక్కి లొంగిపోయింది. ఆ లొంగిపోయిన వాళ్లలో ఎక్కువమంది భారతీయ సిపాయిలు. బందీలుగా ఎండలో నడిపించిన నడకలో, టర్కీ శిబిరాల్లో చాలామంది తిరిగి రాలేదు. 1917 మార్చిలో బ్రిటిష్ వాళ్లు బాగ్దాద్ పట్టుకున్నారు. అటునుంచి పట్టుబడిన టర్కీ సైనికులను ఓడల్లో భారతదేశానికి తెచ్చారు. కొందరిని రాజస్థాన్‌లోని సుమేర్‌పూర్‌లో, కొందరిని బర్మాలోని థాయెట్‌మ్యోలో, కొందరిని బళ్లారిలో పెట్టారు. 1917 తొలి నెలల్లో జెనీవా రెడ్‌క్రాస్ ప్రతినిధులు వచ్చి ఈ శిబిరాలు చూసి, నివేదిక అచ్చువేశారు. అనటోలియా రైతు, బాగ్దాద్ గుమాస్తా, తమ భాష ఒక్క ముక్క తెలియని ఈ రాళ్లసీమలో, కోట కొండను చూస్తూ, ఎప్పటికి ఇంటికి పోతామా అని కూర్చున్నారు. మన ఊళ్లో కట్టిన ముళ్లకంచె వెనక, ఇస్తాంబుల్‌లో ఎన్వర్ పాషా తీసుకున్న నిర్ణయం రూపం కట్టి కనిపించింది.

టర్కీ తటస్థంగా ఉండి ఉంటే ఆ శిబిరం లేదు. ఇది ఊహలో మొదటి మెట్టు, అన్నిటికన్నా గట్టి మెట్టు. ఇందులో వాదించేదేమీ లేదు.

రెండో మెట్టు దానికన్నా పెద్దది. టర్కీ ఓడిపోయింది. సుల్తాను అప్పటికి ఖలీఫా కూడా. 1920 ఆగస్టులో సెవ్ర సంధితో ఆయన రాజ్యాన్ని ముక్కలు చేశారు. భారత ముస్లింలు ఖలీఫా కోసం ఖిలాఫత్ ఉద్యమం నడిపారు. గాంధీ దాన్ని కాంగ్రెసు ఉద్యమంతో జోడించి సహాయ నిరాకరణ మొదలుపెట్టారు. మలబారులో ఖిలాఫత్ మాట పాత కౌలు తగాదాలతో కలిసి, 1921 ఆగస్టులో అక్కడి ముస్లింలైన మాప్పిళ్ల తిరుగుబాటుగా భగ్గుమంది. పట్టుబడ్డ మాప్పిళ్లలో వేలమందిని తెచ్చి పెట్టింది ఎక్కడ? ఇక్కడే, బళ్లారిలో. టర్కీ సైనికులు ఖైదీలుగా బతికిన ఊరే, టర్కీ ఖలీఫా పేరు చెప్పి తిరగబడిన వాళ్లకూ జైలయింది. ఈ రెండు తరహాల ఖైదీలకు మధ్య ఐదారేళ్ల తేడా కూడా లేదు. చరిత్ర పుస్తకాలు ఒకదాన్ని మెసపొటేమియా అధ్యాయంలో, రెండోదాన్ని మలబారు అధ్యాయంలో పెట్టాయి. బళ్లారిలో నిలబడితేనే రెండూ ఒకే కథ అని తెలుస్తుంది.

ఆ కథలో అన్నిటికన్నా భయంకరమైన పుట ఇక్కడికి చేరనే లేదు. 1921 నవంబరులో తిరూర్‌లో వందమంది ఖైదీలను ఒక గూడ్సు పెట్టెలో కుక్కి తలుపులు బిగించారు. బళ్లారి జైలుకు చేర్చాలని ఉద్దేశం. పోదనూరులో తలుపు తీసేసరికి లోపల శవాల గుట్ట. ఆసుపత్రిలో పోయినవాళ్లతో కలిపి చనిపోయింది సుమారు డెబ్బై మంది. ఊపిరాడక పోయారు. వాళ్లు బళ్లారికి రావలసిన వాళ్లు. ఈ ఊరి పేరు రాసిన చీటీతో బయల్దేరి దారిలో చచ్చిపోయిన మనుషుల గురించి ఇక్కడ ఒక్క రాయి మీదైనా రాసి ఉండాలని నేను కోరుకుంటున్నాను.

టర్కీ యుద్ధంలోకి రాకపోతే ఈ తిరుగుబాటు జరిగేది కాదా? ఇక్కడ జాగ్రత్తగా అడుగు వేయాలి. జన్మీలనే భూస్వాములకూ కౌలుదార్లకూ మధ్య మలబారులో గొడవలు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నాయి. ఖిలాఫత్ లేకపోయినా ఏదో ఒక రోజు అక్కడ నిప్పు రాజుకునేది. కానీ అది ఒక తాలూకా గొడవగా ఉండేది. ఊరూరా సభలు, కమిటీలు, కాలీకట్ నుంచి పల్లెల దాకా సాగిన సంబంధం, ఇవన్నీ ఖిలాఫత్ ఇచ్చినవి. అంచేత వేలమంది ఖైదీలు, మార్షల్ లా, గూడ్సు పెట్టె, బళ్లారి జైలు, ఇవి జరిగి ఉండేవి కావని నేను నమ్మకంగా అంటాను.

మూడో మెట్టు మనవైపు ఇంకా దగ్గరగా వస్తుంది, కానీ అంత గట్టిగా నిలవదు. 1920 సెప్టెంబరులో కలకత్తా ప్రత్యేక కాంగ్రెసులో గాంధీ తీర్మానం విషయ నిర్ణయ సంఘంలో స్వల్ప తేడాతో నెగ్గింది. ఖిలాఫత్ ప్రతినిధుల బలం లేకపోతే నెగ్గడం కష్టమే. ఆ డిసెంబరులో నాగపూర్ కాంగ్రెసు భాషల వారీగా రాష్ట్ర కమిటీలు ఏర్పాటు చేసింది. అప్పుడే బళ్లారి ఎవరిదన్న తగాదా రాజకీయ తగాదా అయింది. 1921లో ఎన్.సి. కేల్కర్ మధ్యవర్తిగా తీర్పు చెప్పి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్ర కాంగ్రెసుకు ఇచ్చారు. 1953లో ఆంధ్ర, మైసూరు రాష్ట్రాల మధ్య గీసిన గీత దాదాపు ఆ తీర్పు మీదనే నడిచింది. నేను ఆలూరు వైపు వాణ్ణి. మా తాత బళ్లారి జిల్లా మనిషి, నేను కర్నూలు జిల్లా మనిషిని. మా ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది.

అలాగని ఎన్వర్ పాషా వల్ల మా ఊరు జిల్లా మారిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఆంధ్ర మహాసభ 1913లోనే బాపట్లలో మొదలైంది, ప్రపంచ యుద్ధానికి ముందే. కన్నడిగుల ఏకీకరణ కోరిక కూడా ఖలీఫా కోసం పుట్టింది కాదు. భాషా రాష్ట్రాలు ఎలాగైనా వచ్చేవి. ఎప్పుడు వచ్చేవి, ఎవరు గీసేవారు, బళ్లారి పట్నం కోసం ఎంత కసిగా కొట్లాడుకునేవాళ్లం అన్నదే మారి ఉండేది. ఊహ ఇక్కడితో ఆగాలి. ఇంకా లాగితే తెగుతుంది.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. 1918లో యుద్ధం ఓడలతో బొంబాయి రేవుకు వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా ఆ శరదృతువులో దక్కను మొత్తాన్ని ఊడ్చేసింది. దేశంలో కోటిమందికి పైగా పోయారు. ఆ ఏడాదే వానలు కూడా మొహం చాటేశాయి. టర్కీ తటస్థంగా ఉన్నా ఫ్రాన్సులో యుద్ధం జరిగేది, సైనికులు ఇళ్లకు తిరిగి వచ్చేవాళ్లు, జబ్బు వచ్చేది. ఇస్తాంబుల్‌లో ఎవరు ఏం నిర్ణయించినా ఆ చావులు తప్పేవి కావు.

ఇక రెండో ప్రపంచ యుద్ధానికి వస్తే, దాని గురించి జనం ఎక్కువగా ఊహించేది జపాను ఇక్కడ దిగడం. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మద్రాసు సగం ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరు పోయింది. తీరం వదిలి లోపలికి రావాలనుకున్న వాళ్లకు బళ్లారి, అనంతపురం భద్రమైన ఊళ్లుగా కనిపించాయి. జపాను మద్రాసులో దిగి ఉంటే? ఈ ఊహ మన కట్టుబాటు దగ్గర నిలవదు. సింహళం మీద దిగుదామని జపాను నౌకాదళంలో కొందరు అడిగినా, సైన్యం దళాలు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అప్పటికే చైనాలో ఇరుక్కుని ఉంది. జపాను నౌకలు కొద్దిరోజుల్లోనే పసిఫిక్‌కు తిరిగిపోయాయి. మద్రాసులో దిగడం అన్నది టోక్యోలో ఎవరి చేతిలోనూ లేని ఎంపిక.

చేతిలో ఉన్న ఎంపిక, నిజంగా మన పొట్ట మీద కొట్టిన ఎంపిక, బర్మా. 1942 మార్చిలో రంగూన్ పడిపోయింది. యుద్ధానికి ముందు ఏటా పది లక్షల టన్నులకు మించి బియ్యం బర్మా నుంచి ఈ దేశానికి వచ్చేది. అది ఒక్కసారిగా ఆగింది. అదే ఏడాది రాయలసీమలో వానలు పడలేదు. గంజి కేంద్రాలు, రాళ్లు కొట్టే కరువు పనులు, ఆ కాలం మాటలు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. తుంగభద్ర మీద ఆనకట్ట కట్టాలన్న ఆలోచన 1860లలో ఆర్థర్ కాటన్ కాలం నాటిది. ఎనభై ఏళ్లు మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాల మధ్య ఉత్తరాలలోనే నలిగింది. తిండికి కరువొచ్చాక, 1944లో రెండు ప్రభుత్వాలూ ఒప్పందానికి వచ్చాయి. 1945 ఫిబ్రవరి 28న హోస్పేట వైపు మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్, అవతలి ఒడ్డున హైదరాబాదు తరఫున బీరారు యువరాజు, ఒకే రోజు రెండు శంకుస్థాపనలు చేశారు.

బర్మా పడిపోకపోయి ఉంటే? ఆనకట్ట వచ్చేదే, కానీ 1948లో హైదరాబాదు విలీనం అయ్యాక, ఒకే దేశం పథకంగా వచ్చేదని నా అంచనా. అప్పుడు 1953 నాటికి నీళ్లు ఇంకా పారేవి కావు. ఆంధ్ర రాష్ట్రం వచ్చేనాటికి హోస్పేటలో ఆనకట్ట సిద్ధంగా నిలబడి ఉండడం వల్లనే బళ్లారి తగాదా అంత ముదిరింది. భాష పేరు చెప్పి కొట్లాడినా ఇరుపక్కల మనసులో ఉన్నది కాలువ. 1953 మే నెలలో జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రా నివేదిక మీద బళ్లారి తాలూకాలో ఎక్కువ భాగం మైసూరుకు పోయింది. 1955లో ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్ కమిషన్ దాన్ని తిరగరాసింది. బళ్లారి, హోస్పేట, సిరుగుప్ప, ఆనకట్టతో సహా ఆంధ్రకు ఇవ్వాలంది. ఢిల్లీ ఆ సిఫారసును ఆమోదించలేదు.

ఇది ఊహ కూడా కాదు. ప్రభుత్వం నియమించిన కమిషన్ అచ్చువేసి చేతికిచ్చిన ప్రత్యామ్నాయం. ఆ సిఫారసు అమలై ఉంటే ఈ సభ ఆంధ్రలో జరిగేది. ఇళ్లల్లో అప్పుడూ ఇప్పటిలాగే మూడు భాషలు మాట్లాడుకునేవాళ్లు. నా కన్నడ మిత్రులు హంపీ కోసం బాధపడేవాళ్లు, నేను ఇప్పుడు రాఘవ ఊరి కోసం బాధపడినంతగానే. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర పంతొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు మాత్రం ఏ రాష్ట్రం వాళ్లూ సరిహద్దు గురించి మాట్లాడలేదు. రాయచూరు, బళ్లారి, కర్నూలు, అనంతపురం రైతులందరూ నీళ్లు ఎన్ని మిగులుతాయని ఒకే ప్రశ్న అడిగారు.

ఇన్ని మెట్లలో నాకు అన్నిటికన్నా బలంగా అనిపించేది మొదటిదే, బళ్లారిలోని ఆ యుద్ధఖైదీలు. యువ పరిశోధకులకు నా విన్నపం దాని గురించే. టర్కీ రెడ్ క్రెసెంట్ భాండాగారంలో ఆ యుద్ధంలో ఖైదీలైన వాళ్ల కాగితాలు భద్రంగా ఉన్నాయి. జెనీవా నివేదిక దొరుకుతుంది. మలబారు ఖైదీల రికార్డులు మద్రాసు భాండాగారంలో వెతకాలి. 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో పట్టుబడి కామరాజ్ ఇక్కడి అలీపురం జైలుకే వచ్చారు. అదొక్కటే ఈ ఊళ్లో అందరికీ తెలుసు. మిగతా రెండు తరాల ఖైదీల పేర్లు ఎవరికీ తెలియవు. పాత టర్కీ లిపి నేర్చుకునే ఒక తెలుగు కుర్రవాడు, మలయాళం నేర్చుకునే ఒక కన్నడ అమ్మాయి కలిసి కూర్చుంటే, బళ్లారికి వచ్చిన టర్కీ సైనికుల జాబితా, దారిలో ఊపిరాడక పోయిన మాప్పిళ్ల జాబితా, రెండూ ఒకే పుస్తకంగా రెండేళ్లలో తేగలరు. ఆ పనికి పూనుకునే వాళ్లకు నా దగ్గరున్న పుస్తకాలన్నీ ఇస్తాను, ఈ సభ నిర్వాహకులు అచ్చు ఖర్చు గురించి ఆలోచించాలని కోరుతున్నాను.